రిపోర్టులో ‘లాస్’ అని ఉంటే: నరాల సార్కోమా గుర్తులు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

తెలుగులో ‘నరం’ అనే మాట మీద మోయలేనంత బరువు వేశాం. రక్తం తీయడానికి నర్సు వెతికేది నరమే, నిద్రలో మెడ పట్టేస్తే పట్టేసిందీ నరమే, ఒంట్లో నీరసంగా ఉంటే బలహీనపడ్డాయనుకునేవీ నరాలే. మొదటిది రక్తనాళం, రెండోది కండరం, మూడోదానికి చాలాసార్లు నరాలతో సంబంధమే ఉండదు. అందుకే డాక్టరు ‘నరం మీద గడ్డ, క్యాన్సర్‌లా ఉంది’ అన్నప్పుడు ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోటి ఊహించుకుంటారు.

ఇక్కడ మాట్లాడుకునేది వెన్నుపాము నుంచి బయలుదేరి చేతులకీ కాళ్ళకీ ఒంట్లోని మూలమూలలకీ వెళ్ళే నాడుల గురించి. అందులోనూ లోపలి తీగ గురించి కాదు, దాని చుట్టూ ఉండే తొడుగు గురించి. కరెంటు వైరుకి పైన ప్లాస్టిక్ ఉన్నట్టు నాడికి ష్వాన్ కణాల తొడుగు ఉంటుంది. ఆ తొడుగులో పుట్టే క్యాన్సర్‌ని ‘మాలిగ్నెంట్ పెరిఫెరల్ నర్వ్ షీత్ ట్యూమర్’ అంటారు, పొట్టిగా ఎంపీఎన్ఎస్‌టీ. కండరం, కొవ్వు, నాడి లాంటి మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్లని సార్కోమాలంటారు; వాటిలో ఇది 5 నుంచి 10 శాతం. తొడలో సయాటిక్ నాడి, భుజం దగ్గర నాడుల గుంపు, నడుము లోపలి భాగం దీనికి ఇష్టమైన చోట్లు.

ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు చేతికొచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ఎస్100 ఫోకల్, సాక్స్10 పాచీ, హెచ్3కె27ఎంఈ3 లాస్, కీ-67 ఇంత శాతం. ఇంట్లో వాళ్ళకి కావాల్సింది ఒక్కటే: మనిషి బతుకుతాడా, ఎన్నాళ్ళు? ఈ కోడ్లలో దానికి జవాబు ఉందనుకుని రాత్రంతా ఫోన్‌లో వెతుకుతారు. కానీ ఆ వరుసల్లో చాలా వాటిని రాసింది వేరే ప్రశ్నకు జవాబుగా. ‘ఇది ఏ జబ్బు?’ అనేది ఒక ప్రశ్న. ‘ఇది ఎంత దూకుడుగా ఉంది?’ అనేది ఇంకోటి. ‘ఏ మందు పనిచేస్తుంది?’ అనేది మూడోది. ఒక ప్రశ్నకు రాసిన జవాబుని ఇంకో ప్రశ్న కింద చదివితే ఉన్న భయం రెట్టింపవుతుంది, లేదా లేని ధైర్యం వస్తుంది.

ఈ జబ్బులో ఇంకో వింత ఉంది. రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో ఫలానాది ‘పాజిటివ్’ అన్నది పెద్ద వార్త. ఇక్కడ పెద్ద వార్తలన్నీ ‘లేదు’ అనే మాటతో వస్తాయి. ఒక జన్యువు పోయింది, ఒక ప్రోటీన్ కనబడలేదు, ఒక రంగు పట్టలేదు. ఏది ఎప్పుడు పోయింది, అది పోతే ఏమవుతుంది అన్నది అర్థమైతే రిపోర్టులో సగం అర్థమైనట్టే.

మొదట పోయేది ఎన్ఎఫ్1. ఇది 17వ క్రోమోజోమ్ మీద ఉండే జన్యువు, 1990లో పట్టుకున్నారు. ఇది తయారుచేసే న్యూరోఫైబ్రోమిన్ అనే ప్రోటీన్ పని బ్రేకు వేయడం. కణంలో ‘పెరుగు, పెరుగు’ అని చెప్పే రాస్ అనే స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉండిపోకుండా ఆపేది న్యూరోఫైబ్రోమిన్. పుట్టుకతోనే ఒక ఎన్ఎఫ్1 కాపీ చెడిపోయి ఉన్నవాళ్ళకి ఉండే స్థితి న్యూరోఫైబ్రోమాటోసిస్ టైప్ 1; ఈ స్థితినీ పొట్టిగా ఎన్ఎఫ్1 అనే అంటారు. దాదాపు 3,000 మందిలో ఒకరికి ఉంటుంది, అంటే మనం అనుకునేంత అరుదు కాదు. ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకంటే ఎక్కువ. చంకల్లో చిన్న చిన్న మచ్చలు. వయసు పెరిగేకొద్దీ చర్మం మీద మెత్తటి కాయలు. ఊళ్ళో ఇలాంటి మనిషిని మీరు తప్పకుండా చూసే ఉంటారు. వాటిని పులిపిర్లనో కొవ్వు గడ్డలనో అనుకుని ఊరుకుంటారు.

మన దగ్గర ఈ మాట రాగానే వెంటనే వచ్చే ప్రశ్న: ‘మేనరికం వల్ల వచ్చిందా?’ కాదు. మేనరికంతో పెరిగే జబ్బుల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ కాపీలు కలవాలి. ఎన్ఎఫ్1కి ఒక్కటి చాలు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం. ఇక దాదాపు సగం మందిలో ఇంట్లో ఎవరికీ లేకుండానే ఆ మనిషితోనే కొత్తగా మొదలవుతుంది. అత్తవైపు వాళ్ళనీ కోడలివైపు వాళ్ళనీ దోషం వెతుక్కోవడానికి ఇందులో చోటు లేదు.

పుట్టుకతో ఒక కాపీ పోయినవాళ్ళకి ఎక్కడో ఒక ష్వాన్ కణంలో రెండో కాపీ కూడా పోతే అక్కడ న్యూరోఫైబ్రోమా అనే, క్యాన్సర్ కాని మామూలు గడ్డ మొదలవుతుంది. చర్మం మీద కాయలు క్యాన్సర్‌గా మారవనే చెప్పాలి. అసలు కన్నేసి ఉంచాల్సింది లోతుగా, నాడి పొడవునా తాడు ముళ్ళలా పెరిగే రకం మీద. దాన్ని ప్లెక్సిఫార్మ్ న్యూరోఫైబ్రోమా అంటారు. ఎన్ఎఫ్1 ఉన్నవాళ్ళకి జీవితకాలంలో ఎంపీఎన్ఎస్‌టీ వచ్చే అవకాశం 8 నుంచి 13 శాతం. తిప్పి చూస్తే, ఎంపీఎన్ఎస్‌టీ వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది ఎన్ఎఫ్1 ఉన్నవాళ్ళు. మిగతావాళ్ళలో ఎక్కువమందికి కారణం తెలియకుండా వస్తుంది. దాదాపు 10 శాతం మందికి ఎప్పుడో వేరే జబ్బుకు రేడియేషన్ ఇచ్చిన చోట, ఏళ్ళ తర్వాత.

ఎన్ఎఫ్1 పోవడం ఒక్కటే ఏం చెబుతుంది? ప్రోగ్నోసిస్ గురించి, అంటే ముందుముందు ఎలా ఉంటుందనే దాని గురించి దాదాపు ఏమీ చెప్పదు. మామూలు గడ్డలోనూ అది పోయే ఉంటుంది. అయితే ఒక మినహాయింపు. కొందరిలో ఎన్ఎఫ్1 ఒక్కటే కాకుండా దాని పక్కనున్న జన్యువులతో కలిపి దాదాపు 14 లక్షల డీఎన్ఏ అక్షరాల ముక్క పుట్టుకతోనే ఎగిరిపోయి ఉంటుంది. దీన్ని మైక్రోడిలీషన్ అంటారు. ఎన్ఎఫ్1 ఉన్నవాళ్ళలో 5 నుంచి 10 శాతం మందికి ఇలా ఉంటుంది. వీళ్ళకి క్యాన్సర్‌గా మారే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువ. ఆ పోయిన ముక్కలో సూజ్12 అనే జన్యువు కూడా ఉంది. ఈ పేరు గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

రెండో మెట్టు సీడీకేఎన్2ఏ. 9వ క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువుది విచిత్రమైన కథ. ఒకే చోటు నుంచి రెండు వేర్వేరు ప్రోటీన్లు తయారవుతాయి. ఒకటి పీ16: కణం రెండుగా చీలకుండా ఆపుతుంది. రెండోది ఏఆర్ఎఫ్: పీ53 అనే కాపలాదారుని కాపాడుతుంది. ఆ చోటు ఎగిరిపోతే ఇద్దరు కాపలావాళ్ళు ఒకే దెబ్బకి పోయినట్టు. మామూలు న్యూరోఫైబ్రోమాలో ఈ చోటు భద్రంగానే ఉంటుంది. మామూలుకీ క్యాన్సర్‌కీ మధ్య ఒక దశ ఉంది: కణాలు కాస్త తేడాగా, కిక్కిరిసి కనబడతాయి కానీ క్యాన్సర్ అనడానికి లేదు. ఆ దశలోనే సీడీకేఎన్2ఏ పోవడం మొదలవుతుంది.

ఈ మధ్య దశకి 2017లో నిపుణులు కూర్చుని ఒక పొడవైన పేరు పెట్టారు, పొట్టిగా ఆనబ్ అంటారు. నాలుగు లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి: కణకేంద్రకాలు తేడాగా ఉండటం, న్యూరోఫైబ్రోమా అల్లిక చెదిరిపోవడం, కణాలు కిక్కిరిసి ఉండటం, అక్కడక్కడా కణవిభజన కనబడటం. రిపోర్టులో ఇలా వస్తే దాన్ని క్యాన్సర్ అనుకుని కుప్పకూలిపోవద్దు, ‘ఏం కాదులే’ అని వదిలేయనూ వద్దు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో జన్యు గుర్తులు నిజంగా పనికొచ్చే చోటు ఇదే. సూక్ష్మదర్శినిలో చూసి తేల్చుకోలేని చోట సీడీకేఎన్2ఏ పోయిందా లేదా అన్నది తూకంలో ఒకవైపు రాయి వేస్తుంది. ఈ దశలో, తీయడానికి వీలైన చోట ఉంటే, గడ్డని తీసేస్తే కథ అక్కడితో ఆగే అవకాశం ఎక్కువ. తర్వాతి మెట్టులో ఆ వీలు తగ్గిపోతుంది.

సీడీకేఎన్2ఏని నేరుగా చూడాలంటే, జన్యువు ఉందో లేదో మెరిసే రంగుతో చూసే ఫిష్ పరీక్షో, డీఎన్ఏని అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగో కావాలి. దాని పక్కింట్లో ఎంటాప్ అనే జన్యువు ఉంది. తరచుగా రెండూ కలిసే ఎగిరిపోతాయి. అందుకని ఎంటాప్ ప్రోటీన్‌కి రంగు వేసి చూసి, అది కనబడకపోతే పక్కిల్లు కూడా కూలిందని ఊహిస్తారు. ఇది తక్కువ ఖర్చు పని. కానీ ఎంటాప్ ఉన్నంత మాత్రాన సీడీకేఎన్2ఏ ఉందని రూఢి కాదు, ఒక్కోసారి ఎంటాప్‌కి దెబ్బ తగలకుండా సీడీకేఎన్2ఏ ఒక్కటే పోతుంది.

ఇక మూడో మెట్టు, అందరినీ గూగుల్ చేయించేది: హెచ్3కె27ఎంఈ3. దీన్ని ఇకమీద కె27 గుర్తు అందాం.

మన డీఎన్ఏ దారం లాంటిది, హిస్టోన్ అనే చిన్న చిన్న రీళ్ళకి చుట్టుకుని ఉంటుంది. అన్ని కణాల్లోనూ అదే దారం ఉన్నా, నాడి తొడుగు కణం కండరం పనులు చేయకూడదు, కండరం కణం నాడి పనులు చేయకూడదు. వాడకూడని భాగాలకు లక్క ముద్ర వేసి మూసేయాలి. హెచ్3 అనే హిస్టోన్ తోకలో 27వ స్థానంలో ఉండే లైసిన్ మీద మూడు మిథైల్ ముక్కలు అతికించడమే ఆ లక్క ముద్ర. ఆ పని చేసే ముఠా పేరు పీఆర్‌సీ2. అందులో ముద్ర వేసే చెయ్యి ఈజెడ్‌హెచ్2. ఆ చేతిని నిలబెట్టేవి ఈఈడీ, ఇందాక చెప్పిన సూజ్12. ఈ రెండింట్లో ఏదో ఒకటి రెండు కాపీలూ పోతే ముఠా కూలుతుంది, కణం మొత్తంలో ఎక్కడా ముద్ర ఉండదు. మూసి ఉండాల్సిన బీరువాలన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. ఎంపీఎన్ఎస్‌టీల్లో ఇలా జరుగుతోందని 2014లో ఒకటి కంటే ఎక్కువ బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. ఆ తర్వాత రెండేళ్ళకే, ముద్ర ఉందో లేదో చూసే రంగు పరీక్ష పెథాలజీ ల్యాబుల్లోకి వచ్చింది.

బీరువాలు తెరుచుకున్నందుకు ఒక సాక్ష్యం చాలాకాలంగా పెథాలజిస్టుల కళ్ళ ముందే ఉంది. కొన్ని ఎంపీఎన్ఎస్‌టీల్లో నాడి తొడుగు కణాల మధ్య కండరం కణాలు కనబడతాయి. వీటిని మాలిగ్నెంట్ ట్రైటన్ ట్యూమర్ అంటారు. ట్రైటన్ అనేది తెగిన కాలు మళ్ళీ పెంచుకునే సాలమాండర్ జాతి జీవి. నాడిని తెచ్చి పెడితే అక్కడ కొత్త అవయవం పుట్టిందని చేసిన పాత ప్రయోగాల మీదుగా వచ్చిన పేరు. మామూలు రకం కంటే ఇది మొండిదని పేరుపడింది.

కె27 పరీక్షలో మామూలు కణాల కేంద్రకాలు గోధుమ రంగులో కనబడతాయి. ముద్ర పోయిన క్యాన్సర్ కణాలు రంగు పట్టకుండా వెలవెలబోతాయి. మంచి పెథాలజిస్టు అదే ముక్కలో ఉన్న రక్తనాళాల గోడలకు రంగు పట్టిందా అని మొదట చూస్తారు. అక్కడ కూడా పట్టకపోతే ముద్ర పోవడం కాదు, పరీక్షే సరిగ్గా కాలేదన్నమాట. అక్కడక్కడా పోయి అక్కడక్కడా ఉంటే దాన్ని ‘లాస్’ అని లెక్కపెట్టరు. మొత్తంగా పోవాలి.

దీని అర్థం ఏంటి? మొదటి ప్రశ్నకు, అంటే ‘ఇది ఏ జబ్బు’ అన్నదానికి ఇది గట్టి సాక్ష్యం. మామూలు న్యూరోఫైబ్రోమాలోనూ, ష్వాన్ కణాల మరో మామూలు గడ్డ ష్వానోమాలోనూ ఇలా పూర్తిగా పోదు. కానీ ఎంపీఎన్ఎస్‌టీల్లో కూడా మొత్తం మీద సుమారు సగం వాటిలోనే పోతుంది. హైగ్రేడ్ (దూకుడు ఎక్కువున్న) వాటిలో ఎక్కువగా, లోగ్రేడ్ (దూకుడు తక్కువున్న) వాటిలో తక్కువగా. రేడియేషన్ తర్వాత వచ్చే వాటిలో చాలా ఎక్కువ. కాబట్టి ‘కె27 రిటెయిన్డ్’, అంటే ముద్ర ఉంది, అని రాస్తే ‘హమ్మయ్య, క్యాన్సర్ కాదు’ అనుకోకూడదు. అలా అనుకుని ఆలస్యం చేయడం ఈ జబ్బులో ఖరీదైన పొరపాటు. ఎపిథీలియాయిడ్ అనే ఒక రకం ఎంపీఎన్ఎస్‌టీలో కె27 ముద్ర మామూలుగానే ఉంటుంది; అక్కడ చాలాసార్లు పోయేది వేరే ప్రోటీన్, ఐఎన్ఐ1.

ఇంకో చిక్కు గూగుల్‌తో వస్తుంది. కె27 అని కొడితే పిల్లల్లో వచ్చే భయంకరమైన మెదడు గడ్డల పేజీలు ముందుకొస్తాయి. అక్కడ మారేది హిస్టోనే; 27వ స్థానంలో లైసిన్ బదులు మిథియోనిన్ వచ్చి కూర్చుని ముద్ర వేసే చేతిని అడ్డుకుంటుంది. ఇక్కడ హిస్టోన్ బాగానే ఉంటుంది, ముద్ర వేసే ముఠా పోతుంది. రెండు చోట్లా స్లైడు మీద కనబడేది ఒకటే, ఖాళీ. ఆ పేజీల్లోని బతుకు లెక్కలు ఈ జబ్బుకి వర్తించవు. వాటిని చదివి ఏడ్చిన కుటుంబాలు ఎన్నో ఉంటాయని నా అనుమానం.

మరి ‘ముందుముందు ఎలా ఉంటుంది’ అన్న ప్రశ్నకు కె27 జవాబు చెబుతుందా? కొన్ని బృందాలు, ముద్ర పోయినవాళ్ళు తక్కువ కాలం బతికారని చెప్పాయి. ఇంకొన్నింటికి ఆ తేడా కనబడలేదు, లేదా గ్రేడ్‌ని లెక్కలోకి తీసుకున్నాక తేడా చిక్కిపోయింది. ముద్ర పోయే గడ్డలు చాలావరకు హైగ్రేడ్‌వే కాబట్టి, ప్రమాదం ముద్రది ఎంత, గ్రేడ్‌ది ఎంత అని విడదీయడం కష్టం.

విడదీయడం ఎందుకంత కష్టమో కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే నరాల సార్కోమా మార్కర్ల (ఇలాంటి గుర్తుల) మీద వచ్చే వార్తల్లో సగం గందరగోళం ఇక్కడే ఉంది. జబ్బు అరుదు. ఒక పెద్ద ఆసుపత్రిలో కూడా వంద కేసులు పోగవడానికి ఇరవై ముప్పై ఏళ్ళు పడుతుంది. ఆ ఇరవై ఏళ్ళలో స్కాన్లు మారాయి, ఆపరేషన్ పద్ధతులు మారాయి, జబ్బు పేరు పెట్టే నియమాలే మారాయి. అప్పట్లో ఎంపీఎన్ఎస్‌టీ అన్నవాటిలో కొన్నిటిని ఇప్పుడు సైనోవియల్ సార్కోమా అనే వేరే క్యాన్సర్‌గా లెక్కేస్తారు. ఆ వంద కేసుల మీద ముప్పై మార్కర్లు పరీక్షిస్తే, అసలు ఏ సంబంధమూ లేకపోయినా ఒకటో రెండో ‘గణనీయంగా’ తేలతాయి. బొమ్మా బొరుసూ ఆట ముప్పై మంది ఆడితే ఒకడికి వరసగా ఐదుసార్లు బొమ్మ పడటం వింత కాదు, వాడి చేతిలో మహిమా లేదు. మరో ఊళ్ళో మరో వంద కేసుల మీద చూస్తే ఆ మార్కర్ మాయమవుతుంది.

ఎన్ఎఫ్1 ఉన్న రోగుల సంగతే చూడండి. వాళ్ళకి వచ్చే ఎంపీఎన్ఎస్‌టీ మరింత చెడ్డదని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. 2013లో పాత అధ్యయనాలన్నీ కూడగట్టి 1,800 మందికి పైగా రోగుల మీద చేసిన విశ్లేషణలో మొత్తం మీద ఆ తేడా కనిపించింది. కానీ ఇటీవలి అధ్యయనాలను విడిగా చూస్తే తేడా చాలావరకు తగ్గిపోయింది. ఎన్ఎఫ్1 ఉన్నవాళ్ళ గడ్డలు తరచుగా ఒంటి మధ్యభాగంలో, లోతుగా ఉంటాయి, పెద్దవయ్యాక గాని బయటపడవు. దోషం జన్యువుదా, ఆలస్యానిదా? జాగ్రత్తగా చూసుకునే కాలం వచ్చాక తేడా తగ్గిందంటే ఆలస్యానిదే పెద్ద వాటా అనిపిస్తుంది.

పదే పదే, ఏ ఊళ్ళో చూసినా నిలబడిన సూచనలు అంత ఆధునికంగా ఏమీ ఉండవు. గడ్డ ఎంత పెద్దది: 5 సెంటీమీటర్లు దాటితే ఒక లెక్క, 10 దాటితే మరో లెక్క. ఎక్కడ ఉంది: చేతిలోనో కాలిలోనో ఉంటే, ఛాతీ పొత్తికడుపు లోపల ఉన్నదానికంటే నయం. చుట్టూ ఆరోగ్యకరమైన కణజాలంతో సహా పూర్తిగా తీయగలిగారా. గ్రేడ్ ఎంత. అప్పటికే ఊపిరితిత్తులకి పాకిందా. ఐదేళ్ళు బతికేవారి శాతం వేర్వేరు అధ్యయనాల్లో సుమారు 35 నుంచి 60 దాకా ఊగడానికి కారణం, ఆయా చోట్ల ఈ ఐదు విషయాల్లో తేడాలే ఎక్కువగా. సర్జన్ కత్తి ఇచ్చే జవాబు ఏ జన్యువు ఇచ్చే జవాబు కంటే ఇప్పటికీ బరువైనది.

మిగతా పేర్లు త్వరగా ముగిద్దాం. ఎస్100, సాక్స్10 అనేవి ‘ఇది నాడి తొడుగు కుటుంబం’ అని చెప్పే ఇంటిపేర్లు. మామూలు గడ్డల్లో నిండుగా ఉంటాయి, ఎంపీఎన్ఎస్‌టీలో అక్కడక్కడా మిగులుతాయి, ఒక్కోసారి పూర్తిగా పోతాయి. ఎస్100 పూర్తిగా పోయిన గడ్డలు ఎక్కువగా పాకుతాయని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. కీ-67 ఎన్ని కణాలు విభజన బాటలో ఉన్నాయో చెబుతుంది. పేరులోని ‘కీ’ జర్మనీలోని కీల్ నగరం నుంచి వచ్చింది. ఎక్కువైతే దూకుడు ఎక్కువ, అంతవరకే. ఇంత శాతం దాటితే ఇంత ప్రమాదమని అందరూ ఒప్పుకున్న గీత ఏదీ ఈ జబ్బులో లేదు. పీ53 రంగు చదవడం మాత్రం తమాషా: మామూలుగా పలచగా, అక్కడక్కడా ఉండాలి. బాగా ముదురుగా అంతటా పట్టినా చెడ్డదే, అసలే పట్టకపోయినా చెడ్డదే. మొదటిదాంట్లో చెడిపోయిన కాపలాదారు పని చేయకుండా గేటు దగ్గర పోగుపడి ఉన్నాడు, రెండోదాంట్లో కాపలాదారే లేడు.

ఇంతకీ మూడో ప్రశ్న, ‘ఏ మందు?’ దీనికి జవాబు చెప్పే మార్కర్ ఎంపీఎన్ఎస్‌టీలో ఇప్పటికి రుజువుపడలేదు. పాకిన జబ్బుకి డాక్సోరూబిసిన్, దానితో ఐఫాస్ఫమైడ్ అనే పాత కీమో మందులే ఇప్పటికీ ముందు వరసలో ఉన్నాయి. ఇక్కడే ఇంకో గందరగోళం. 2020లో అమెరికాలో సెలూమెటినిబ్ అనే మందుకి, ఆపరేషన్ చేయలేని ప్లెక్సిఫార్మ్ న్యూరోఫైబ్రోమా ఉన్న పిల్లల కోసం అనుమతి వచ్చింది. 2025లో మిర్డామెటినిబ్‌కి పెద్దలకీ పిల్లలకీ వచ్చింది. ఎన్ఎఫ్1 బ్రేకు పోయాక రాస్ నుంచి వచ్చే సంకేతాన్ని మధ్యలో మెక్ అనే చోట ఆపేవి ఇవి. మామూలు గడ్డకి ఆ ఒక్క బ్రేకే పోయింది కాబట్టి మందు పనిచేస్తుంది. క్యాన్సర్ అయ్యేసరికి సీడీకేఎన్2ఏ పోయింది, పీఆర్‌సీ2 పోయింది, క్రోమోజోములు ముక్కచెక్కలయ్యాయి. ఒక్క దారి మూస్తే పది దారులు తెరిచి ఉన్నాయి. న్యూరోఫైబ్రోమాకి మందొచ్చిందన్న వార్త చూసి ఎంపీఎన్ఎస్‌టీకి కూడా వచ్చిందనుకోకూడదు.

చిన్న చిన్న సంఖ్యల బాధ నుంచి బయటపడటానికి పలు దేశాల ఆసుపత్రులు చేతులు కలిపి ‘జీనోమిక్స్ ఆఫ్ ఎంపీఎన్ఎస్‌టీ’ అనే కూటమి కట్టాయి. 2023లో వాళ్ళు 95 గడ్డ నమూనాల జన్యు చరిత్రను విడదీసి చూపించారు. ఎన్ఎఫ్1 రెండు కాపీలూ పోవడం మొదలు, తర్వాత సీడీకేఎన్2ఏ లేదా టీపీ53 (పీ53ని తయారుచేసే జన్యువు), ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది. కె27 ముద్ర పోయిన గడ్డలు మొదట క్రోమోజోములను కుప్పలుగా పోగొట్టుకుంటాయి, తర్వాత మిగిలినదాన్ని మొత్తం రెట్టింపు చేసుకుంటాయి, 8వ క్రోమోజోమ్ కాపీలు పెంచుకుంటాయి. ఆ గడ్డల్లోకి రోగనిరోధక కణాలు పెద్దగా రావు. ముద్ర ఉన్న గడ్డల్లోనూ జన్యువులు చిందరవందరే, కానీ రోగనిరోధక కణాలు లోపలికొచ్చి తిరుగుతుంటాయి. స్లైడు మీద రంగు పట్టిందా లేదా అన్న ఒక చిన్న తేడా వెనక రెండు వేర్వేరు జీవితచరిత్రలు ఉన్నాయన్నమాట. ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక కణాలనే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) ఎవరికి ఇచ్చి చూడాలన్న ప్రశ్నకు ఈ చీలిక ఒక మొదలు కావచ్చు. ఇంకా జవాబు మాత్రం కాదు.

అదే అధ్యయనంలో ఇంకో మాట ఉంది. ఏ క్రోమోజోమ్ ముక్కలు పోయాయి, ఏవి పెరిగాయి అన్న లెక్క రోగి ఎలా ఉంటాడో సూచిస్తోంది, ఆ లెక్కను రక్తంలో తేలే డీఎన్ఏ తునకల్లో కూడా చూడవచ్చు. ఇది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ముక్క పరీక్షలో ఉన్న లోపం తెలియాలి. పెద్ద ప్లెక్సిఫార్మ్ గడ్డ ఒక్క తీరుగా ఉండదు. ఒక మూల మామూలు న్యూరోఫైబ్రోమా, పక్కన ఆనబ్, ఇంకో మూల ముదిరిన క్యాన్సర్. సూది ఎక్కడ గుచ్చారో అక్కడి సంగతే రిపోర్టులో వస్తుంది. అందుకే మంచి సెంటర్లలో ముందు పెట్ స్కాన్ తీసి, గ్లూకోజ్‌ని ఎక్కువగా మింగుతున్న చోట వెతికి అక్కడే సూది వేస్తారు. పెట్‌లోనూ ఒక్కోసారి మామూలు గడ్డలే వెలిగిపోయి భయపెడతాయి. రక్త పరీక్షకి ఏ మూల అన్న బాధ లేదు, అన్ని మూలల నుంచీ రాలినదే అందులో ఉంటుంది. ఎన్ఎఫ్1 ఉన్నవాళ్ళకి ఏడాదికోసారి రక్తం తీసి మార్పుని ముందే పట్టాలన్నది పరిశోధకుల ఆశ. ఇవాళ్టికి అది పరిశోధన శాలల పరీక్షే, మూల మీద డయాగ్నస్టిక్ సెంటర్లో అడిగితే దొరికేది కాదు. అంతవరకూ ముందస్తు హెచ్చరిక ఇచ్చేది మనిషే: ఏళ్ళుగా ఉన్న గడ్డ హఠాత్తుగా పెరగడం, మెత్తగా ఉన్నది గట్టిపడటం, రాత్రి నిద్ర లేపే నొప్పి, చెయ్యో కాలో కొత్తగా బలం తగ్గడం. వీటిలో ఏది కనబడినా స్కాన్‌కి వారం వాయిదా కూడా ఎక్కువే.

మన దగ్గర రెండో అభిప్రాయం కోసం హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రులకో ముంబై టాటా మెమోరియల్‌కో వెళ్ళేవాళ్ళు చాలామంది ఒక కవర్లో రిపోర్టు జిరాక్సులు పట్టుకెళ్తారు. అక్కడికెళ్ళాక ‘బ్లాకులు తెచ్చారా?’ అని అడుగుతారు. బ్లాకు అంటే మీ ముక్కని మైనంలో పోసి ఉంచిన దిమ్మ, అగ్గిపెట్టె కంటే చిన్నది. రంగు వేసేసిన స్లైడు మీద కొత్త పరీక్ష చేయడం కష్టం. దిమ్మ నుంచి మాత్రం పలచటి పొరలు కోసి కె27, ఎంటాప్, పీ53, తర్వాత ఎప్పుడో వచ్చే ఇంకో పరీక్ష, ఏదైనా చేయవచ్చు. కె27 పరీక్ష లేని రోజుల్లో తీసిన ముక్కలకు కూడా తర్వాత ఆ రంగు వేసి చూడగలిగింది ఈ దిమ్మల వల్లే. ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండ తగలకుండా ఉంచితే ఏళ్ళ తరబడి ఉంటుంది. మొదట ముక్క పరీక్ష చేసిన ల్యాబులో రిపోర్టు నంబరు చెప్పి అడగండి. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని ఇస్తారు.